భాగహారం మనకు కొత్త కాదు

మన పోరాటాల చరిత్ర చెప్పుకునేటప్పుడు విల్లు, బాణం, గుట్టల్లో మోగిన తుడుం గుర్తుకొస్తాయి. అది న్యాయమే. అయితే పెద్దగా చప్పుడు చేయని ఆయుధం ఇంకొకటి ఉంది. అదే లెక్క. అందులోనూ భాగహారం. మన పెద్దలకు అది ఎలా తెలుసో, ఎక్కడ చేజారిందో, తిరిగి ఎలా చేతికొచ్చిందో యువత తెలుసుకోవాలి. ఇంట్లో చెల్లికో తమ్ముడికో లెక్కలు నేర్పేది రేపు మీరే కాబట్టి.

ముందు భాష సంగతి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ పక్కనున్న ఒడిశాలోనూ ఉండే సవరల లెక్కింపు చూడండి. పన్నెండు దాటాక 'పన్నెండూ ఒకటి', 'పన్నెండూ రెండు' అని సాగి, ఇరవై దగ్గర మళ్లీ కొత్త గుంపు మొదలవుతుంది. తొంభై మూడును సవరలో 'నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి' అని చెబుతారు. ఒకసారి ఆగి ఆలోచించండి. 93లో ఇరవైలు ఎన్ని? నాలుగు. మిగిలింది 13. అందులో పన్నెండు ఎన్ని? ఒకటి. మిగిలింది ఒకటి. అంటే ఆ సంఖ్య పేరు పలికినవారు రెండు భాగహారాలు చేసినట్టే. బడి ముఖం చూడని అవ్వ కూడా ఈ లెక్క నోటితోనే చేసేది. ఆదివాసులకు లెక్కలు రావు అనే మాటకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

కొలతల్లోనూ అంతే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. ఊరూరికీ కొలత కాస్త మారినా పద్ధతి మాత్రం సగం చేసుకుంటూ పోవడమే. రూపాయికి 16 అణాలు ఉన్న కాలంలో డబ్బూ ఇలాగే ఉండేది. సగం ఎనిమిది అణాలు, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. అణాకు 12 పైలు. ముగ్గురు కూలీలు రూపాయి పంచుకుంటే తలకు అయిదు అణాల నాలుగు పైలు వచ్చేవి, ఏమీ మిగలదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలు వచ్చాయి. 100ను 16తో భాగిస్తే ఆరుంపావు. పావు పైసా నాణెం లేదు కాబట్టి ఒక్క అణాకు ఆరు నయా పైసలని లెక్క కట్టారు. పావలాకు 25 పైసలు సరిగ్గా సరిపోతాయి. కానీ చిల్లర అణాలను ఒక్కొక్కటిగా పదహారుసార్లు మార్చుకున్నవారికి 96 పైసలే ముడతాయి. ఆ నాలుగు పైసలు ఎటుపోయాయో అడగాలంటే శేషం అంటే ఏమిటో తెలియాలి.

చేజారింది ఎక్కడంటే కాగితం దగ్గర. మనకు నోటి లెక్క ఉంది, షావుకారుకు ఖాతా పుస్తకం ఉంది. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు రేగడానికి కల్లు మీద పన్ను, ముఠాదారులపై మన్సబుదారు ఒత్తిడి ఎంత కారణమో మైదానపు వ్యాపారుల అప్పు పత్రాలు కూడా అంతే కారణం. కొండవారితో తమకు అనుకూలంగా ఒప్పందాలు రాయించుకుని, దూరపు కోర్టుల్లో దావా వేసి, వారు హాజరు కాకుండానే డిక్రీలు తెచ్చుకుని ఆస్తులు జప్తు చేయించేవారు. ప్రభుత్వ రికార్డులే ఈ సంగతి ఒప్పుకున్నాయి.

చివరకు 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండజాతుల వారి భూమిని అనుమతి లేకుండా ఇతరులకు బదలాయించకూడదంది. అప్పు విషయంలో మూడు మాటలు చెప్పింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలు మించకూడదు. చక్రవడ్డీ కుదరదు. మొత్తం వడ్డీ అసలును దాటకూడదు.

ఇప్పుడు పలక తీసుకోండి. 24ను 12 నెలలతో భాగిస్తే రెండు. అంటే నెలకు నూటికి రెండు రూపాయలు. ఇక 100 రూపాయల అప్పుకు వడ్డీ ఎన్నాళ్లకు అసలంత అవుతుంది? 100లో 24లు నాలుగు, శేషం నాలుగు. నాలుగేళ్లు గడిచాక మిగిలిన నాలుగు రూపాయలకు నెలకు రెండు చొప్పున ఇంకో రెండు నెలలు. నాలుగేళ్ల రెండు నెలల తర్వాత ఆ అప్పుకు పైసా వడ్డీ కూడా పెరగకూడదు. చట్టం ఇచ్చిన రక్షణ మొత్తం ఈ ఒక్క భాగహారంలో ఉంది. అది చేయలేనివారికి చట్టం ఉన్నా లేనట్టే. విత్తనాల వేళ ఒక బస్తా ధాన్యం తీసుకుని పంట చేతికొచ్చాక ఒకటిన్నర బస్తా కొలిచే 'నాగు' పద్ధతిని దీని పక్కన పెట్టి చూడండి. ఆరు నెలలకు నూటికి యాభై! ఆ చట్టం లెక్క ప్రకారమైతే ఆరు నెలలకు పన్నెండే. నాలుగు రెట్లకు పైగా తేడా.

కాగితం మీది లెక్కను మన చేతికి ఇవ్వాలంటే మన భాషలో బడి కావాలని గుర్తించినవారు ఉన్నారు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు తయారుచేసి, బడులు నడిపించారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం పరిశోధకుడు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాదు గోండుల మధ్యకు పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. ఊరి పిల్లలకు ఊరి భాషలోనే అదే జాతి యువకుడు పాఠం చెప్పే రోజు వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు ప్రారంభమయ్యాయి.

ఈ చరిత్రను ఇంట్లో ముందుకు నడిపే పని మీది. మూడో తరగతి పిల్లకు మొదటిరోజే భాజ్యం, భాజకం, భాగఫలం అని చెబితే తెలుగే రెండో భాష అయిన చోట బరువు రెండింతలవుతుంది. ముందు 17 చింతపిక్కలు చేతికివ్వండి. అయిదు అడ్డాకులు పరిచి, ఆకుకు ఒకటి చొప్పున వేసుకుంటూ పొమ్మనండి. ఆకుకు మూడు వచ్చి, రెండు మిగులుతాయి. ఇది పంచడం. మర్నాడు అవే పిక్కలను అయిదేసి కుప్పలు పెట్టమనండి. మూడు కుప్పలయ్యి, రెండు మిగులుతాయి. ఇది గుంపులు చేయడం. ప్రశ్నలు రెండు, జవాబు ఒకటే అని పిల్ల తనంతట తానే గమనించాలి. మిగిలినవాటిని దాచెయ్యకండి, 'శేషం' అనే మాట అప్పుడు చెప్పండి. చివరగా మూడు అయిదులు పదిహేను, రెండు కలిపితే పదిహేడు అని సరిచూసుకోవడం నేర్పండి. ఇదంతా ముందు ఇంటి భాషలో జరగాలి. గుర్తులు, తెలుగు పేర్లు తర్వాత వాటంతట అవే అతుక్కుంటాయి.

సంతలో చింతపండు తూకం, జీసీసీ రసీదు, పొదుపు సంఘం వడ్డీ, ఉపాధి పనిలో రోజుకూలీ, అన్నీ భాగహారాలే. రసీదు చేతికి రాగానే మడిచి జేబులో పెట్టకుండా, వచ్చిన డబ్బును కిలోలతో భాగించి ధర సరిచూసే అలవాటు మన ప్రతి ఇంట్లో రావాలి. మొదట మీరు చేయండి, పక్కన మీ చెల్లిని కూర్చోబెట్టుకోండి.