బందరు పాఠశాల నుంచి దివిసీమ తుపాను ఆశ్రయం దాకా: దిగువ కృష్ణా డెల్టాలో క్రైస్తవ సంఘ జీవనం, సామాజిక సేవ

వ్యాస సంగ్రహం:
1841లో మచిలీపట్టణంలో ఆరంభమైన చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తెలుగు మిషను అగ్రవర్ణ విద్యార్థులను లక్ష్యంగా పెట్టుకొంది. అయితే కృష్ణా మండలంలో క్రైస్తవ సంఘాలకు విస్తృతి కల్పించినవారు మాల, మాదిగ పల్లెల ప్రజలు. ఈ పరిణామాన్ని, ఆ సంఘాల సేవాస్వరూపాన్ని, నేటికీ తేలని వారి సామాజిక హోదా సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మచిలీపట్టణం, నోబుల్, పగోలు వెంకయ్య, ఉపదేశి, దివిసీమ, దళిత క్రైస్తవులు.

1. ప్రవేశిక:
దిగువ కృష్ణా డెల్టాలో బందరు రేవుపట్టణం, గుడివాడ మాగాణి ప్రాంతం, దివిసీమ నదీపాయల నడుమనున్న లంకసీమ. ఈ మూడింటినీ కలిపే సామాజిక సూత్రాలలో చిన్న చిన్న క్రైస్తవ సంఘాలు ఒకటి. మిషను చరిత్రలు ఎక్కువగా దొరల జీవితచరిత్రలుగానే సాగాయి. సంఘాన్ని తమ కూలిగింజలతో నిలిపినవారి వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది.

2. రెండు మార్గాలు:
రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో బందరు చేరారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించాడు. ఆరోగ్యం క్షీణించి స్వదేశం వెళ్లి 1848లో మరణించాడు. నోబుల్ 1843 నవంబరులో ఆంగ్ల పాఠశాల తెరిచాడు. పై వర్ణాలవారు మారితే కింది వర్ణాలవారు అనుసరిస్తారన్నది అతని విశ్వాసం. అందుకే ఆ పాఠశాలలో అస్పృశ్యులకు ప్రవేశం లేకుండా చేశాడు. సమానత్వాన్ని బోధించే మతం కులభేదాన్ని గడపలోనే అంగీకరించడం ఈ చరిత్రలోని తొలి వైరుధ్యం.

1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే విద్యార్థులు బాప్తిస్మం పొందారు. పట్టణంలో అలజడి రేగింది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. కొంతకాలానికి బడి కోలుకొంది కాని, ఆశించిన సామూహిక మతాంతరీకరణ జరగలేదు. రత్నం, భూషణం 1864లో గురుపట్టం పొందారు. నోబుల్ 1865 అక్టోబరులో బందరులోనే మరణించాడు. అతని పేరుతో నిలిచిన కళాశాల మతవ్యాప్తికంటె ఆధునిక విద్యావ్యాప్తికే ఎక్కువ తోడ్పడింది.

3. పల్లె నుంచి వచ్చిన పిలుపు:
అసలు మలుపు డెల్టాకు వెలుపలి రాఘవాపురంలో వచ్చింది. ఆ గ్రామానికి చెందిన పగోలు వెంకయ్య మాల కులస్థుడు. దైవాన్వేషణలో ఉన్న అతడు బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలిశాడు. 1859లో తనవారితోపాటు బాప్తిస్మం పొందాడు. ఇక్కడ మిషను పల్లెను వెతుక్కొంటూ పోలేదు. పల్లెయే మిషనును వెతుక్కొంటూ వచ్చింది. వెంకయ్య 1891లో మరణించేదాకా తనవారి నడుమ ప్రచారకుడుగా పనిచేశాడు. బంధుత్వాల దారిలో, కూలికి వెళ్లిన దారిలో ఈ వార్త పల్లెలకు పాకింది.

దీనికి ఆర్థిక నేపథ్యం కూడా ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువల నీటితో భూమి విలువ పెరిగింది, పొలం పనికి కూలీల అవసరమూ పెరిగింది. కాని ఆ భూమిపై హక్కు కూలీలకు దక్కలేదు. అక్షరం, ఆత్మగౌరవం, ఆపదలో అడిగే దిక్కు - ఈ మూడూ సంఘంలో దొరుకుతాయన్న ఆశ పల్లెలను కదిలించింది. దీనిని కేవలం కరవుకాలపు ప్రలోభంగా చూడడం ఆ ప్రజల నిర్ణయశక్తిని తక్కువ చేయడమే అవుతుంది.

4. సంఘ జీవనం:
పల్లె సంఘానికి కేంద్రం ఉపదేశి. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించడం, కూలీలు తిరిగివచ్చాక రాత్రి ప్రార్థన నడపడం, అర్జీలు రాసిపెట్టడం అతని పనులు. ప్రార్థన జరిగే తాటాకుల పాకయే బడి కూడా. వంట చేసేటప్పుడు స్త్రీలు పిడికెడు బియ్యం తీసి సంఘానికి దాచేవారు. కోతల పండుగనాడు వరికంకులు, కోళ్లు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి. తమకే చాలని ఇంటి నుంచి ఇతరులకోసం తీసిన ఆ పిడికెడు, గ్రహీతలుగా మాత్రమే చూడబడినవారిని దాతలుగా నిలిపింది.

1912 డిసెంబరు 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. తరువాత కృష్ణా ప్రాంత సి.ఎం.ఎస్. సంఘాలు కూడా ఆ అధ్యక్ష మండలంలో చేరాయి. సాక్ష్యమివ్వడం జీతగాండ్ర పని కాదు, ప్రతి విశ్వాసి బాధ్యత అన్నది ఆయన బోధ. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడగా ఈ సంఘాలు అందులో భాగమయ్యాయి.

5. ఉప్పెనలు, సేవ:
1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు, పరిసరాలలో సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. షార్కీ దంపతులు నడిపిన బాలికల పాఠశాల విద్యార్థినులు పలువురు అందులో ఉన్నారు. 1977 నవంబరు 19న దివిసీమను మరో ఉప్పెన ముంచింది. నాగాయలంక వైపు సొర్లగొంది వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మొత్తం మృతులు పదివేలకు పైమాటే. పూరిపాకల్లో, పల్లపు నేలల్లో ఉండేవారికి నష్టం ఎక్కువ.

ప్రభుత్వంతోపాటు అనేక మత, లౌకిక సంస్థలు సహాయానికి వచ్చాయి. వాటిలో చర్చీల ఉమ్మడి సేవాసంస్థ కాసా ఒకటి. తీరం వెంబడి అది తుపాను ఆశ్రయ భవనాలు నిర్మించింది. విపత్తులో ప్రాణరక్షణ, మామూలు రోజులలో బడి, సమావేశ స్థలం - ఇదీ వాటి ఉద్దేశం. తాటాకుల పాక చేసిన రెండు పనులనే కాంక్రీటు భవనం మరింత భద్రంగా కొనసాగించింది. సేవాపరిధి సంఘసభ్యులను దాటి ఊరందరికీ విస్తరించడం ఇందులో గమనించదగిన మార్పు.

6. తేలని ప్రశ్న:
1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది గాని క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో ఉన్నారు. ఆ హోదా వారికీ ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. మతం మారినా పల్లె మారలేదు, వీధి మారలేదు. అందువల్ల ఒకే కుటుంబం సంఘపు రిజిస్టరులో ఒక పేరుతోను, ప్రభుత్వ ధ్రువపత్రంలో మరొక పేరుతోను కనిపించే స్థితి ఏర్పడింది. సంఘ జనాభాను లెక్కలలో గుర్తించడం పరిశోధకులకు కష్టం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

7. ముగింపు:
నోబుల్ ప్రణాళికలో మార్పు పైనుంచి కిందికి దిగవలసి ఉంది. ఆచరణలో అది కిందినుంచే మొదలైంది. కాబట్టి ఈ ప్రాంత క్రైస్తవ చరిత్ర రచనకు మిషను నివేదికలు మాత్రమే చాలవు. సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లు, ఉపదేశుల కుటుంబాల జ్ఞాపకాలు, ఉప్పెన నుంచి బయటపడిన వృద్ధుల మౌఖిక కథనాలు కూడా ఆధారాలు కావాలి. 1977ను కళ్లారా చూసిన తరం తరిగిపోతున్నందున వాటి సేకరణ తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.