బిచ్చం ఎప్పుడు నేరమైంది?

తెలుగు కావ్యాల్లో బిచ్చానికి వెళ్లి భంగపడ్డవాళ్లందరిలోకీ పెద్దవాడు వ్యాసుడు. శ్రీనాథుడు ఈ కథను భీమఖండంలోనూ చెప్పాడు, కాశీఖండంలోనూ చెప్పాడు. శిష్యులను వెంటబెట్టుకుని కాశీలో వీధి వీధీ తిరిగినా ఆయనకు పిడికెడు మెతుకులు దొరకవు. మర్నాడూ అదే వరస. ఆకలి నషాళానికంటి, భిక్షాపాత్రను నేలకేసి కొట్టి, ఈ ఊరివాళ్లకు మూడు తరాల పాటు చదువూ సిరీ మోక్షమూ లేకుండా పోవాలని శపించబోతాడు. అప్పుడొక ఇంటి వాకిట్లోంచి ముత్తయిదువ రూపంలో ఉన్న అమ్మవారు పిలిచి, ముందు నాలుగు చివాట్లు పెట్టి, ఆ తర్వాతే అన్నం పెడుతుంది. కాశీ విడిచి పొమ్మని శివుడు ఆనతిస్తే వ్యాసుడు దక్షిణాదికి దారి పట్టి ద్రాక్షారామం చేరతాడు.

బిచ్చం వెయ్యని కాశీవాసులకు కథలో ఏ శిక్షా లేదు. కోపగించుకున్న వ్యాసుడికే శిక్ష. అయితే అడగడమే తప్పని మాత్రం అందులో ఎవరూ అనరు. శివుడు అసలే అనడు, ఆయన ఆదిభిక్షువు కదా. అడిగే హక్కు అడిగేవాడిది, పెట్టడం పెట్టకపోవడం ఇంటివాళ్ల ఇష్టం. చాలాకాలం సాగిన ఒప్పందం ఇదే.

ఒడుగులో వటువు చేత చేయించే ముఖ్యమైన పని భిక్ష అడగడమే. ‘భవతి భిక్షాం దేహి’ అని పళ్లెం చాపితే తల్లి మొదట బియ్యం పోస్తుంది. వెనకే మేనత్తలూ పిన్నమ్మలూ వరస కడతారు. ఈమధ్య ఆ బియ్యం మీద ఐదొందల నోట్లు కూడా పడుతున్నాయి. హాస్టళ్లు లేని రోజుల్లో పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. వాళ్లను బిచ్చగాళ్లని ఎవరూ అనలేదు. పెద్దయి ప్లీడర్లూ తహసీల్దార్లూ అయ్యాక ఆ సంగతి వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు.

అడగడం ఏకంగా ఆస్తిహక్కుగా మారిన చోటు ఆశ్రిత కులాలది. పిచ్చిగుంట్లవారు రైతు కులాల గోత్రాలూ వంశావళులూ చెప్పేవారు. కూనపులివారు పద్మశాలీలకు పటం విప్పి కథ చెప్పేవారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపించేవారు. వచ్చినవాళ్లకు తిండిగింజలు కొలవడం కులం మొత్తం బాధ్యత. ఏ ఊళ్ల మీద ఎవరికి మిరాశీ ఉందో లెక్క ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలాల్లాగే ఊళ్లనూ పంచుకునేవారు. తమ వంతు ఊళ్లో ఇంకొకడు చెయ్యి చాస్తే కులపంచాయితీయే. 2022లో పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యది ఈ డక్కలి సమాజమే.

వీళ్లందరిలో అందరికీ తెలిసినవాడు హరిదాసు. ధనుర్మాసంలో తెల్లవారక ముందే కాళ్ల గజ్జెలు, చేతిలో చిడతలు, తంబుర, నెత్తిమీద పూలు చుట్టిన రాగి అక్షయపాత్ర. నోరు తెరిచి ‘పెట్టండి’ అని అడగడు. పాడుకుంటూ వస్తాడు, ముగ్గు చుట్టూ తిరుగుతాడు. చిన్నపిల్ల దోసిట్లో బియ్యం పట్టుకొస్తే పాత్ర అందేలా మోకాళ్ల మీదికి వంగుతాడు. ఇల్లు చేరేదాకా ఆ పాత్రను నేలమీద దించడు. పోసిన పిల్లకు తానేదో దానం చేశాననే ఊహ కూడా రాదు, పండగపని ఒకటి చేశాననుకుంటుంది.

సాయంత్రం దీపాల వేళ వచ్చే మనిషి వేరు. సత్తుగిన్నె, చంకలో గుడ్డసంచి, ‘మాదాకవళం తల్లీ’ అన్న కేక. ఆ గిన్నెలో పడేవి మిగిలిన అన్నం, అడుగంటిన కూర. కాదనేటప్పుడు మాత్రం ‘ఇంకో ఇల్లు చూసుకో నాయనా’ అనేవారు, ‘చెయ్యి ఖాళీ లేదమ్మా’ అనేవారు. లేదనడానికీ ఒక వరస కలిపేవారు. అలాగని అదేదో స్వర్ణయుగమని కాదు. ఎవరు గడప దాకా రావచ్చో, ఎవరు వీధిలోనే ఆగాలో, ఎవరి గిన్నెలో ఎంత ఎత్తునుంచి వెయ్యాలో కులమే తేల్చేది. అపాత్రదానం చెయ్యకూడదన్న మాట మన శాస్త్రాలు ఎప్పుడో చెప్పాయి. కానీ పాత్రుడా కాదా అని తేల్చే పని గడప దగ్గర నిలబడ్డ ఇల్లాలిదే, పోలీసుది కాదు.

పోలీసు వచ్చిన దారి సముద్రం మీదిది. ఇంగ్లాండులో 1349లో ప్లేగు జనాన్ని తుడిచిపెట్టాక పొలాల్లో కూలీలు కరువయ్యారు. ఒళ్లు వంచగలిగినవాడికి భిక్ష వేస్తే వేసినవాడికి శిక్ష తప్పదని మూడో ఎడ్వర్డ్ రాజు శాసనం చేశాడు. దయ ఎక్కువైతే కూలి రేటు పెరుగుతుందని ఆయన భయం. తర్వాత కొరడా దెబ్బలొచ్చాయి, వర్క్‌హౌసులొచ్చాయి, నెపోలియన్ యుద్ధాలు ముగిసి సైనికులు వీధిన పడ్డాక 1824లో దేశదిమ్మరుల చట్టం వచ్చింది. 1869లో ఇదే తరహా చట్టం మనదేశంలోనూ దిగింది. తమాషా ఏమిటంటే అది మనవాళ్ల కోసం కాదు, తెల్లవాళ్ల కోసం. ఉద్యోగం ఊడి, రోడ్డెక్కి అడుక్కుంటున్న తెల్లవాణ్ణి చూస్తే దొరతనం పరువేం కావాలి? పట్టుకెళ్లి వర్క్‌హౌసులో పెట్టేవారు.

ఎక్కువ పెడితే సోమరులవుతారన్న సిద్ధాంతం మన దగ్గర ప్రాణాలు తీసింది ధాత కరువులో. 1877లో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు మాడిపోతుంటే వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని తగ్గించాడు. రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఉప్పూపప్పుకు కాసిని డబ్బులు. సరిగ్గా ఆ కాలంలోనే గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) పొయ్యి ఆర్పకుండా వండి పెడుతోంది. పడవ దిగినవాడిది ఏ కులమని ఆమె అడగలేదు, పని చెయ్యగలవా అనీ అడగలేదు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆమె ఫొటో కావాలని దొరతనం అడిగిందని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కలెక్టరాఫీసు మాత్రం టెంపుల్ లెక్కనే వారసత్వంగా ఉంచుకుంది.

1943లో బెంగాల్ కరువు వచ్చింది. కలకత్తా వీధుల్లో గంజి కోసం కేకలు వేస్తూ జనం రాలిపోతుంటే ఆ ఏడాదే బెంగాల్‌లో దేశదిమ్మరుల చట్టం చేశారు. తర్వాత రెండేళ్లలో మైసూరు, మద్రాసు, బొంబాయి అదే బాట పట్టాయి. స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ ఒరవడి అయింది 1959 నాటి బొంబాయి చట్టం. అది రాసినవాళ్లు చాలా జాగ్రత్తపరులు. పాట, ఆట, జోస్యం, ఏదో వస్తువు అమ్మడం, ఏ మిషతో చెయ్యి చాచినా బిచ్చమే అన్నారు. వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు నిర్బంధం, మళ్లీ మళ్లీ దొరికితే పదేళ్ల దాకా పోవచ్చు. ఆ లెక్కన హరిదాసూ, సోదమ్మా, పగటివేషగాడూ అందరూ ముద్దాయిలే.

మన చట్టం 1977లో వచ్చింది. దానికి ముందు 1970 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించింది. అందులో ‘ఎ’ గ్రూపు తీసి చూడండి. బుడబుక్కల, గంగిరెద్దులవారు, కాటిపాపల, పిచ్చిగుంట్ల, మొండివారు వరసగా కనిపిస్తారు. జంగం పేరు పక్కన సంప్రదాయ వృత్తి భిక్షాటన అని, దాసరి పేరు పక్కన పూర్వం భిక్షాటన చేసినవారని రాసి ఉంటుంది. ఒక కాగితం మీద వృత్తి అని గుర్తించి, ఏడేళ్లకు ఇంకో కాగితం మీద నేరమన్నారు. మధ్యలో ఆ కులాలకు ఇచ్చిన పొలాలెన్ని, ఉద్యోగాలెన్ని అని అడిగితే జవాబు చెప్పేవాళ్లుండరు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత ఇంత అచ్చంగా అతికే చోటు ఇంకోటి నాకు తోచదు.

ఈలోగా మనమూ మారాం. గేటు, వాచ్‌మన్, లిఫ్టు వచ్చాక బిచ్చగాడు వాకిలి వదిలి సిగ్నల్ దగ్గరికి చేరాడు. బియ్యం పోయి రూపాయి వచ్చింది. వాకిట్లో నిలబడ్డవాడి ఊరూ పేరూ ఎవరో ఒకరికి తెలిసేవి. సిగ్నల్ దగ్గర అరవై సెకన్లలో కారు అద్దం తట్టేవాడి గురించి మనకు తెలిసింది సున్నా. ఆ ఖాళీలోకి అనుమానం వచ్చి కూర్చుంది. ‘వీళ్ల వెనక మాఫియా ఉంటుందండీ’, ‘మనకన్నా ఎక్కువే సంపాదిస్తారు’. ముఠాలు లేవని కాదు. పిల్లల్ని ఎత్తుకెళ్లి అడుక్కోవడానికి వాడితే పదేళ్ల దాకా, అవిటివాళ్లను చేస్తే యావజ్జీవం దాకా శిక్ష వేసేలా 1959లోనే పీనల్ కోడ్‌కు 363ఎ సెక్షన్ చేర్చారు. అయితే గుడిమెట్ల మీది ముసలామె ఏ ముఠా మనిషి? 2011 జనగణన దేశం మొత్తం మీద లెక్కగట్టిన బిచ్చగాళ్లూ దేశదిమ్మరులూ 4,13,670 మంది. మాఫియా అన్న మాటకు మనలో ఉన్న గిరాకీలో సగం మన సౌకర్యం కోసమేనని నా అనుమానం. ఆ మాట అనుకుంటే అద్దం దించక్కర్లేదు. గురువారం నాంపల్లి దర్గా దగ్గర, శనివారం హనుమంతుడి గుడి దగ్గర ఆగి ఇచ్చేది కూడా మనమే. అక్కడ మాఫియా గుర్తుకురాదు, పుణ్యం గుర్తుకొస్తుంది.

2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారని హైదరాబాదు పోలీసులు రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించారు. పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు తరలించారు. బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. అడిగినవాడికి రూపాయి వెయ్యడం తప్పు, అతణ్ణి చూపించినవాడికి అయిదు వందలు! మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు బొంబాయి చట్టంలో ఢిల్లీకి వర్తించే కీలక సెక్షన్లను కొట్టేసింది. తిండి పెట్టలేని రాజ్యం అడుక్కున్నవాణ్ణి నేరస్తుడనడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. కరోనా రోజుల్లో సిగ్నళ్ల దగ్గర బిచ్చగాళ్లను తీసెయ్యాలని పిటిషన్ వేస్తే, 2021లో సుప్రీంకోర్టు అలాంటి పెద్దింటి చూపు తాము చూడలేమంది.

కోర్టులు అడిగేవాడి పక్కకు జరిగేసరికి అధికారులు ఇచ్చేవాడి వైపు తిరిగారు. 2025 జనవరి 1 నుంచి ఇండోర్‌లో భిక్ష వేసినా కేసే అన్నారు. ఆ నెలలోనే గుడి ముందు పది రూపాయలిచ్చిన వాహనదారుడి మీద కేసు కట్టారు కూడా. మూడో ఎడ్వర్డ్ శాసనానికి దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత, ఇక్కడ!

2021 నవంబరులో మన గంగిరెద్దు ఒకటి దేశమంతా ఫోన్లలో తిరిగింది. దాని నుదుటి మీద క్యూఆర్ కోడ్, పక్కన సన్నాయి, ఎదురుగా ఫోను పట్టుకుని డబ్బు పంపుతున్న మనిషి. ఆ వీడియోను ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పంచుకుని, డిజిటల్ చెల్లింపులు జానపద కళాకారుల దాకా చేరాయని మెచ్చుకున్నారు. ఆ సన్నాయి కళో బిచ్చమో 1959 చట్టం చదివితే ఒకలా తేలుతుంది, మంత్రిగారి ట్వీటు చదివితే ఇంకోలా తేలుతుంది.