ఒకే రోడ్డున వచ్చినవాళ్ల తగువు

హైదరాబాద్ వనస్థలిపురంలో అసలు స్థానికులెవరని అడిగితే ఉన్నమాట చెప్పాలి: సాహెబ్‌నగర్ వాళ్లు, చింతలకుంట వాళ్లు, హయత్‌నగర్ వాళ్లు. మిగతా అందరం విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి దిగినవాళ్లమే. కొందరు నకిరేకల్ దగ్గర బస్సెక్కారు, కొందరు కోదాడలో, ఇంకొందరు కృష్ణ దాటి తెనాలి నుంచో గుంటూరు నుంచో. మాది సూర్యాపేట వైపు. కనుక ఈ వ్యాసంలో నా పక్షపాతం ఎటు మొగ్గుతుందో పాఠకులు ముందే లెక్కలో వేసుకోవచ్చు.

కాలనీ పేరులో ఉన్న వనస్థలి పక్కనున్న జింకల పార్కుది. నిజాముల కాలంలో వేటకు వాడుకున్న ఆ అడవిని 1975లో మహావీర్ హరిణ వనస్థలి అన్నారు. కృష్ణజింకల అడవికి ఆ పేరు పెట్టిన కాలంలోనే ఇటు పక్క గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్లు లేస్తున్నాయి. ఎన్జీవోస్ కాలనీ, సచివాలయ నగర్, ఎఫ్‌సీఐ కాలనీ... ఈ పేర్లు చదివితే చాలు, ఊరి పుట్టుక తెలిసిపోతుంది. నెల మొదటి తారీఖున జీతం, పీఎఫ్ లోను, రెండొందల గజాల స్థలం. అందుకే తెలంగాణ కావాలా వద్దా అన్న వాదన ఇక్కడ అటు భాష గురించీ కాలేదు, ఇటు నీళ్ల గురించీ కాలేదు. నల్లగొండలో ఫ్లోరైడు, మహబూబ్‌నగర్‌లో వలస ఎంత పెద్ద కారణాలైనా సరే, మా కాలనీలో అది సర్వీసు రిజిస్టరు తగువు. ఎవరి పోస్టులో ఎవరు కూర్చున్నారన్నదే అసలు పంచాయితీ.

ఆ పంచాయితీ కాలనీకన్నా చాలా పాతది. కొలువులు స్థానికులకే అన్న నిజాం ముల్కీ ఫర్మానా 1919 నాటిది. బయటివాళ్లకు కొలువులు పోతున్నాయని 1952లో హైదరాబాద్‌లో విద్యార్థులు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమంది. 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. ఆ మాట పక్కనపెట్టి 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని నవంబర్ 1న కలిపేశారు. ఒప్పందం అమలు కాలేదని 1969లో తెలంగాణ లేచింది. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనేసరికి అటువైపు జై ఆంధ్ర లేచింది. అంటే విడిపోదామన్న మాట రెండు వైపుల నుంచీ వచ్చింది, రెండుసార్లూ ఉద్యోగాల మీదే వచ్చింది. ఢిల్లీ మాత్రం రెండుసార్లూ కలిసి ఉండమనే చెప్పింది. 1973లో ఆరు సూత్రాలు, 1975లో కొలువులను జోన్లవారీగా విడదీసిన రాష్ట్రపతి ఉత్తర్వు, అవి సరిగా అమలు కాలేదని 1985 డిసెంబర్ 30న 610 జీవో. తెలంగాణలోని ఐదో, ఆరో జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోగా వెనక్కి పంపాలని ఆ జీవో చెప్పింది. పెద్దగా ఎవరూ కదల్లేదు. 2001లో దాని మీద గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చిందంటే అమలు ఎంత ముచ్చటగా సాగిందో అర్థం చేసుకోవచ్చు.

స్థానికుడంటే ఎవరు? ఉమ్మడి రాష్ట్రంలో కాగితం మీద దీనికి జవాబు స్టడీ సర్టిఫికెట్. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ యేడు ఏ బడిలో చదివాడో గళ్లు గీసిన కాగితం మీద రాసి, కింద హెడ్మాస్టరు సంతకం, గుండ్రటి రబ్బరు స్టాంపు. ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడుంటే అక్కడివాడయ్యేవాడు. తాత ఊరితో దానికి పనుండేది కాదు. దీనివల్ల మా వీధుల్లో ఒక వింత జరిగింది. తెనాలి నుంచి వచ్చిన గుమాస్తాగారి పిల్లలు ఇక్కడి బడుల్లో చదివి నిక్షేపంగా ఆరో జోన్ లోకల్ అయ్యారు. మా నల్లగొండ వాళ్లు కొందరు ర్యాంకుల మోజులో పిల్లల్ని విజయవాడ, గుడివాడ హాస్టల్ బడుల్లో వేశారు. ఆ పిల్లలు తిరిగొచ్చేసరికి సొంత జిల్లాలో నాన్ లోకల్. తెలంగాణ కోసం రాస్తారోకోలో కూర్చున్న తండ్రి, కొడుక్కి తెలంగాణ స్థానికత ఎట్లా తేవాలని వకీలు దగ్గరికి తిరగడం నాకు తెలుసు. పేరు చెప్పను. మనిషి ఇప్పటికీ వాకింగ్‌లో కనిపిస్తాడు.

2009 అక్టోబర్ 9న సుప్రీంకోర్టు పోలీసు నియామకాలకు హైదరాబాద్‌ను ఫ్రీ జోన్, అంటే స్థానికత లెక్క లేని చోటు, అంది. రాష్ట్రపతి ఉత్తర్వులోని 14(ఎఫ్) అనే చిన్న క్లాజు రాత్రికి రాత్రి అందరి నోట పడింది. నవంబర్ 29న టీఆర్‌ఎస్ అధినేత కేసీఆర్ తెలంగాణ కోసం నిరాహారదీక్షకు సిద్దిపేట బయల్దేరితే కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేశారు. అదే రోజు మా ఇళ్లకు కూతవేటు దూరంలో ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి అనే యువకుడు ఆత్మాహుతికి ఒడిగట్టాడు. డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఇప్పుడు ఆ కూడలికి ఆయన పేరే పెట్టారు. ఆయన్ని తలచుకోవడం వేరు, ప్రాణం తీసుకోవడాన్ని పాటలు కట్టి పొగడటం వేరు. ఆ రెండోది ఉద్యమం చేసిన తప్పేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటనతో ఒక వీధిలో టపాకాయలు, పక్క వీధిలో తలుపులు మూసుకోవడం. 23న ఆయనే వెనక్కి తగ్గేసరికి టపాకాయలు లేవుగానీ తలుపులు మూసిన వీధి మారింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఈ కాలనీని చూడాల్సింది బండ్ల నంబరు ప్లేట్ల మీద. మా రంగారెడ్డి జిల్లా బండ్లకు ఏపీ 29 ఉండేది. కుర్రాళ్లు ‘ఏపీ’ మీద ‘టీజీ’ స్టిక్కరు అంటించేవాళ్లు. ట్రాఫిక్ పోలీసు ఆపితే పీకేసి, మలుపు తిరగ్గానే ఇంకోటి అంటించేవాళ్లు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ‘టీఎస్’ ఇచ్చింది. పదేళ్లకు, 2024 మార్చిలో, ఆ స్టిక్కరులోని ‘టీజీ’నే అధికారికమైంది.

సకల జనుల సమ్మె 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు నడిచింది. అప్పుడు పార్కులో పొద్దున్నే కలిసే ఇద్దరు రిటైర్డు ఉద్యోగులు, ఒకాయన నకిరేకల్, ఒకాయన తెనాలి, ఒకే పేపరు పంచుకుని చదువుతూ కొట్లాడుకునేవాళ్లు.

“మీరు ఈడికొచ్చినందుకు ఎవలేమంటున్నరు సార్? మా పోరగాండ్ల కొలువుల్ల మీరు కూసున్నరు, గదే పంచాయితి.”

“అదేదో గవర్నమెంటునడగండి బావగారూ. నాకిక్కడ పోస్టింగ్ నేనడిగి వేయించుకున్నానా? ముప్పయ్యేళ్లు పనిచేసి ఇల్లు కట్టుకున్నాక బయటివాణ్ణంటే ఎట్టాగండీ?”

ఇద్దరి మాటలోనూ తప్పు లేదు. తప్పు వేరేచోట ఉంది. 610 జీవో మీద సంతకం పెట్టి ఫైలు కట్టిపెట్టినవాళ్లది. అటువైపు వాదనలో నాకు ఒళ్లు మండేది ఒక్క మాటకే: హైదరాబాద్‌ను మేమే డెవలప్ చేశామని. ఉస్మానియా, హైకోర్టు, గండిపేట వీళ్లు బస్సు దిగకముందు నుంచీ ఉన్నాయి.

కానీ అసలు కథ ఈ తగువు మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ దగ్గరుంది. 2010 డిసెంబర్ 30న ఇచ్చిన నివేదికలో ఆరు దారులు చూపించారు. కమిటీ మొగ్గు ఆరోదానికి, అంటే రాష్ట్రాన్ని కలిపే ఉంచి తెలంగాణకు ప్రాంతీయ మండలి ఇవ్వడానికి. అది కుదరకపోతే ఐదోది, హైదరాబాద్‌తో కూడిన తెలంగాణ. అందరూ ఈ రెండింటి గురించే మాట్లాడారు. మా కాలనీ మాత్రం నాలుగోదాన్ని చూడాల్సింది. హైదరాబాద్‌ను 67 మండలాలతో, సుమారు 12 వేల చదరపు కిలోమీటర్ల కేంద్రపాలిత ప్రాంతం చేయాలని అందులో ఉంది. గోవాకు మూడింతలకన్నా పెద్దది! ఆంధ్రకు నేరుగా దారి ఉండాలి కనుక నల్లగొండ జిల్లా మీదుగా గుంటూరు సరిహద్దుకు ఒక కొస, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలుకు మరో కొస. అంటే హైదరాబాద్ కోసం నా సొంత జిల్లాను అడ్డంగా చీల్చడం. సూర్యాపేటలో మా అన్న తెలంగాణలో, వనస్థలిపురంలో నేను ఢిల్లీ ఏలుబడిలో. శాసనసభకు ఓటు ఉంటుందో లేదో తెలియని పౌరసత్వం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. భాషా రాష్ట్రాల మీద 1955లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేసి కేంద్రం కింద ఉంచమన్నారు. అయితే ఆయన చెప్పిన కారణం వేరు. ఉత్తరాదికీ దక్షిణాదికీ ఉన్న దూరం తగ్గాలని. 2013లో కేంద్రపాలితం అడిగినవాళ్లకు, చిరంజీవితో సహా, కారణం వేరు: రాజధాని తమకు దక్కకపోతే తెలంగాణకూ దక్కకూడదని. 1953లో మద్రాసు పోగొట్టుకున్న గాయం ఆంధ్రులకు ఉంది, కాదనను. కానీ చండీగఢ్ చూడండి. 1966లో పంజాబ్, హర్యానాలకు ఉమ్మడిగా ఇచ్చి కేంద్రపాలితం చేశారు. ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా దక్కలేదు. హైదరాబాద్‌కు ఆ గతి పట్టకపోవడం వల్ల అటు నుంచి వచ్చి స్థిరపడ్డ సెటిలర్లకు కూడా మేలే జరిగింది. ఎమ్మెల్యేను ఓడించగల ఓటు చేతిలో ఉంటేనే కాలనీకి మంచినీళ్లు వస్తాయి.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది. చట్టంలో ఐదో సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అంది. హైదరాబాద్ అంటే జీహెచ్‌ఎంసీ హద్దు. ఎల్బీనగర్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది కనుక వనస్థలిపురం ఆంధ్రప్రదేశ్‌కు కూడా రాజధానే అయింది. అప్పట్లో అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్లి పెద్ద అంబర్‌పేటలో దిగితే కాదు! ఎనిమిదో సెక్షన్ ఇక్కడివాళ్ల ప్రాణాలు, ఆస్తుల రక్షణను గవర్నరుకు అప్పగించింది. 2015లో ఓటుకు నోటు గొడవప్పుడు ఆ సెక్షన్ పేరెత్తి నానా యాగీ చేశారు. మా వీధిలో ఎవరికీ దాని అవసరం రాలేదు.

భయం మాత్రం ఉండేది. 2014 ఎన్నికల్లో రాష్ట్రమంతా టీఆర్‌ఎస్ గులాబీ గాలి వీస్తే ఎల్బీనగర్ తెలుగుదేశం అభ్యర్థి ఆర్. కృష్ణయ్యను గెలిపించింది. తెలంగాణలో ఆ పార్టీ ముఖ్యమంత్రి అభ్యర్థి కూడా ఆయనే. (ఆయన తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఉమ్మడి రాజధానిని ఇంత బాగా వాడుకున్నవాళ్లు మరొకరు లేరు.) విద్యార్థుల ఫీజుల సాయానికి 1956 నాటికి ఇక్కడున్నారా అన్నదాన్ని కొలబద్దగా పెట్టిన ‘ఫాస్ట్’ పథకం, ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వే ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి అనుమానం పెరిగింది. మనల్ని ఏరడానికే ఈ లెక్కలన్నారు. సర్వే అయింది, ఎవరినీ ఏరలేదు. ఫాస్ట్‌ను మరుసటేడాది వెనక్కి తీసుకున్నారు. 1956 కొలబద్ద పెట్టడం తప్పు. అరవై ఏళ్లు నాన్ లోకల్ కొలబద్దతో బాధపడ్డవాళ్లు గద్దెనెక్కగానే అంతకన్నా పొడవైనది తీయకూడదు. 2016 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150లో 99 డివిజన్లు టీఆర్‌ఎస్‌కు వచ్చాయంటే సెటిలర్ల ఓటు కూడా కదిలిందన్నమాటే.

అసలు విభజన మా కాలనీకి ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. ఆంధ్ర సచివాలయ ఉద్యోగులను అక్కడి కొత్త రాజధానిలోని వెలగపూడికి రమ్మన్నారు. వారానికి ఐదు రోజుల పని పెట్టారు. చాలామంది పెళ్లాం పిల్లల్ని ఇక్కడే ఉంచి వెళ్లారు. పిల్లల బడి, ఇంటి లోను, ముసలి తల్లి డాక్టరు ఇక్కడే. సోమవారం తెల్లవారుజామున చేతిసంచులతో విజయవాడ బస్సు కోసం హైవే మీద నిలబడేవాళ్లు. శుక్రవారం రాత్రి తిరుగు బస్సు. తమ తండ్రులు ఉద్యోగానికి ఇటు వచ్చిన దారినే వీళ్లు ఉద్యోగానికి అటు వెళ్లారు. నిర్ణీత గడువులోగా అటు వెళ్లి స్థిరపడితే పిల్లలు అక్కడ లోకల్ అవుతారన్న వెసులుబాటు ఇచ్చినా ఇల్లు అమ్ముకుని పోయినవాళ్లు నాకు తెలిసి తక్కువ. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది.

ఉద్యమం రోజుల్లో మన కాలనీల్లో రెండు పక్షాలూ కరపత్రాలు వేశాయి. సంక్షేమ సంఘాలు తీర్మానాలు చేశాయి, పార్కుల్లో సభలు పెట్టాయి. వాటిలో చాలా భాగం పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన వెళ్లిపోయింది. మీ అటక మీద ఏవైనా మిగిలి ఉంటే, జై తెలంగాణవైనా సమైక్యాంధ్రవైనా, పారేయకండి. తారీఖు రాసి ఏదో ఒక గ్రంథాలయానికి ఇవ్వండి.