డంజన్స్ అండ్ డ్రాగన్స్: పోరాటంలో పాచికల నియమాలు

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కత్తి దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. ఈ కోవలో మొదట అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్రతి వేటుకూ రెండు ప్రశ్నలుంటాయి: తగిలిందా? తగిలితే నష్టమెంత? మొదటి ప్రశ్నకు ఇరవై ముఖాల పాచిక, అంటే డి20 వేస్తారు. రెండోదానికి ఆయుధాన్ని బట్టి వేరే పాచిక. 1974 నుంచి ఆటకు వెన్నెముక ఈ రెండు ప్రశ్నలే. మారుతూ వచ్చింది లెక్క కట్టే తీరు.

యుద్ధఫలితాన్ని పాచికతో తేల్చే అలవాటు సైన్యంలోంచి వచ్చింది. ప్రష్యాలో తండ్రి రైస్విట్జ్ మొదలుపెట్టిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధక్రీడకు కొడుకు 1824లో కొత్త నియమాలు అచ్చువేశాడు. అధికారులు పటం మీద దళాలను నడిపితే, నష్టాన్ని పాచికలూ పట్టికలూ చెప్పేవి. తీర్పు మాత్రం మధ్యవర్తిది.

విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా వాసి గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో తెచ్చిన చైన్‌మెయిల్ మధ్యయుగపు బొమ్మ సైనికుల ఆట. ఇద్దరు తలపడితే ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, ఏ ఆయుధం ఏ కవచాన్ని ఛేదిస్తుందో పట్టికలో చూసుకోవాలి. కావాల్సిన అంకె పడిందా, ఎదుటివాడు చచ్చినట్టే. పోయింది బొమ్మే కాబట్టి ఎవరికీ బాధ లేదు.

మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ ఆ నియమాలతో బ్లాక్‌మూర్ ఆట నడపబోతే చిక్కు వచ్చిపడింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కటే పాత్ర. ముచ్చటపడి పెంచుకున్న వీరుడు ఒకే దెబ్బకు పోతే ఆటగాళ్లు ఊరుకుంటారా? అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల మీద ఆర్నెసన్ అంతకుముందే నియమాలు రాసుకున్నాడు. వాటిలో ఓడ మునిగేలోపు కొన్ని దెబ్బలు తట్టుకునేది. ఆ లెక్కనే తెచ్చి మనిషికి తగిలించానని తర్వాత ఆయనే చెప్పాడు. పాత్ర ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే హిట్ పాయింట్లు అలా వచ్చాయి. ఈ ఆటల చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదనే చెప్పాలి. దెబ్బ తగలడం వేరు, చావడం వేరు అయ్యాక గానీ పాత్రకు కథ నడిచేంత ఆయుష్షు దక్కలేదు.

గైగాక్స్, ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో టీఎస్ఆర్ సంస్థ వెయ్యి ప్రతులు వేసింది. ఆ తొలి ముద్రణలో డి20 పద్ధతిని చైన్‌మెయిల్ పద్ధతికి ప్రత్యామ్నాయంగానే ఇచ్చారు. చివరికి నిలిచింది అదే. కవచం లేనివాడి ఆర్మర్ క్లాస్, అంటే రక్షణను చెప్పే అంకె, 9; పలకల కవచమూ డాలూ ఉన్నవాడిది 2. కొత్త యోధుడు మొదటివాణ్ణి కొట్టాలంటే కనీసం 10 పడాలి. రెండోవాణ్ణి కొట్టాలంటే 17, అంటే ఇరవైలో నాలుగే అవకాశాలు. తగిలాక మాత్రం బాకుకైనా గొడ్డలికైనా ఆరు ముఖాల పాచికే. 1975 నాటి గ్రేహాక్ అనుబంధంతో ఆయుధానికో పాచిక వచ్చింది.

ఆ వింత పాచికలను బడులకు గణిత సామగ్రి అమ్మేవాళ్ల కేటలాగుల్లోంచి తెప్పించుకునేవారు. అప్పటి ఇరవై ముఖాల పాచిక మీద 0 నుంచి 9 దాకా అంకెలు రెండేసి సార్లు ఉండేవి. సగం ముఖాలకు ఒక రంగు క్రేయాన్, మిగతా సగానికి మరో రంగు రుద్ది, ఒక రంగు పడితే పది కలుపుకునేవారు.

20 పడితే రెట్టింపు నష్టమన్న నియమం 1975లో ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ అనే మరో ఆటలో కనబడుతుంది. దాని కర్త ఎం.ఎ.ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, ఉర్దూ పాఠ్యపుస్తకాలు రాసినవాడు. గైగాక్స్‌కు ఈ క్రిటికల్ హిట్ గిట్టేది కాదు. ఆటగాళ్లకు మాత్రం అదంటే ప్రాణం.

1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దాడి పట్టికలు పేజీలు నింపాయి. ఆట నడిపేవాడు వాటిలో వెతికి చెబితే గానీ వేటు తగిలిందో లేదో తేలేది కాదు. ఆ బరువు తగ్గించడానికి 1989 నాటి రెండో ఎడిషన్ థాకోను ప్రధాన పద్ధతి చేసింది. ఆర్మర్ క్లాస్ 0 ఉన్నవాణ్ణి కొట్టడానికి పడాల్సిన అంకె థాకో. అందులోంచి శత్రువు ఆర్మర్ క్లాస్ తీసేయాలి. థాకో 18, శత్రువుది 3 అయితే 15 పడాలి. శత్రువుది మైనస్ 2 అయితే ఏకంగా 20. కవచం గట్టిపడేకొద్దీ అంకె తగ్గడం కొత్తవాళ్లను తికమకపెట్టేది. ఇందులో తమాషా ఏమిటంటే, చైన్‌మెయిల్‌లో గట్టి కవచానికే పెద్ద అంకె.

టీఎస్ఆర్‌ను 1997లో కొన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్, 2000లో మూడో ఎడిషన్‌తో ఆ తలకిందుల లెక్కను సరిచేసింది. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన ఈ పద్ధతిలో డి20 మీద పడ్డదానికి దాడి బోనస్ కలపాలి. మొత్తం శత్రువు ఆర్మర్ క్లాస్‌కు సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టే. పట్టికతో పనిలేదు. లెక్క ఆటగాడి చేతికే వచ్చింది. కాకపోతే ఎత్తున నిలబడితే ఒకటి, శత్రువును ఇద్దరు చెరోవైపు నుంచి చుట్టుముడితే రెండు అంటూ చిల్లర కూడికలు పేరుకుపోయాయి.

2014లో అయిదో ఎడిషన్ వాటిలో చాలావాటిని ఎత్తేసి అడ్వాంటేజ్ తెచ్చింది. పరిస్థితి అనుకూలిస్తే డి20లు రెండు వేసి పెద్దది తీసుకోవాలి, ప్రతికూలిస్తే చిన్నది. పలకల కవచం ఆర్మర్ క్లాస్ 18, దాడి బోనస్ 5 అనుకుంటే కనీసం 13 పడాలి. ఒక పాచికతో అవకాశం 40 శాతం, అడ్వాంటేజ్‌తో 64 శాతం. ఈ ఎడిషన్‌లో పాచిక మీద 20 పడితే ఆర్మర్ క్లాస్ ఎంతైనా దెబ్బ తగలాల్సిందే, పైగా నష్టపు పాచికలు రెట్టింపు వేయాలి.