చొక్కా మీది మాట ఎవర్ని నిలదీస్తోంది?

2008లో అమెరికన్ స్త్రీవాద రచయిత్రి జెన్నిఫర్ బామ్‌గార్డ్‌నర్ ఒక టీషర్టు తయారు చేయించారు. దాని మీద తలుపు తెరిచిన ఇనప్పెట్టె బొమ్మ, పెట్టెలో ఒక చీటీ. తన మీద అత్యాచారం జరిగిందని చెప్పే మూడే మూడు ఇంగ్లీషు మాటలు ఆ చీటీ మీద ఉంటాయి. అంతకు నాలుగేళ్ల ముందు తాను గర్భస్రావం చేయించుకున్నానని చాటే టీషర్టుతో ఆమే పెద్ద దుమారం రేపారు. ఎందరికో జరిగినా ఎవరూ పైకి చెప్పుకోలేని విషయాన్ని నలుగురి ఎదుట పెడితే సిగ్గు పడాల్సింది ఎవరో తేలిపోతుందన్నది ఆమె నమ్మకం. ఆ చొక్కాను మెచ్చుకున్నవాళ్లూ నొచ్చుకున్నవాళ్లూ బాధితుల్లోనే ఉన్నారు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ఛాతీ మీద ఆ మాట హఠాత్తుగా కనబడితే, అదే గాయాన్ని లోపల మోస్తున్న మరో స్త్రీ ఏమైపోతుంది? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇలాంటి నినాదాలతో చైతన్యం వస్తుందా రాదా అన్న వాదన అప్పటి నుంచీ తెగడం లేదు. తెగకపోవడానికి కారణం, ఇరువైపులవాళ్లూ ఆ మాట ఎంత ఘాటుగా ఉందన్న దాని చుట్టూనే తిరగడం. గడిచిన నాలుగైదు దశాబ్దాల అనుభవాన్ని వరసగా చూస్తే నాకు తోచేది వేరు. ఘాటు ఒక్కటే పని చేయదు. బట్ట మీది మాట ఎవర్ని నిలదీస్తోంది, నిలదీసినవాళ్ల వెనక ఎంతమంది ఉన్నారు, వాళ్లు అడుగుతున్నదేమిటి అన్నవే ఫలితాన్ని తేల్చాయి.

బట్టలతో రాజకీయం మాట్లాడటం కొత్త కాదు. బ్రిటన్‌లో ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలు 1908 నుంచి ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులు ధరించి వీధుల్లోకి వచ్చారు. టీషర్టు మీద నినాదం ఎంత దూరం వెళ్లగలదో చూపింది మాత్రం డిజైనర్ క్యాథరిన్ హామ్నెట్. 1984లో బ్రిటన్ ప్రధాని నివాసంలో జరిగిన విందుకు ఆమె పైన కోటు వేసుకుని వెళ్లారు. మార్గరెట్ థాచర్‌తో కరచాలనం చేసే వేళకు కోటు తెరిచారు. 58 శాతం మందికి పెర్షింగ్ క్షిపణులు వద్దని లోపలి చొక్కా మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. ఆ నినాదంలో ఒక అంకె ఉంది, ఒక కోరిక ఉంది, అన్నిటికీ మించి దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది. లైంగిక హింస మీద వచ్చిన చొక్కాలన్నిటినీ నేను ఈ గీటురాయి మీదే చూస్తాను.

ఆ వరసలో అన్నిటికంటే లోతైన ప్రయత్నం 1990లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేప్ కాడ్ ప్రాంతంలో మొదలైంది. వియత్నాం యుద్ధంలో దాదాపు 58 వేల మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ కాలంలోనే సుమారు 51 వేల మంది స్త్రీలు తమకు తెలిసిన మగవాళ్ల చేతుల్లోనే హతమయ్యారన్న లెక్క అక్కడి కొందరు మహిళల్ని కుదిపేసింది. సైనికులకు స్మారకం ఉంది, ఈ స్త్రీలకు ఏదీ లేదు. హయానిస్ ఊరి మైదానంలో వాళ్లు దండెం కట్టి 31 చొక్కాలు ఆరేశారు. హింసకు గురైన స్త్రీ తన చొక్కా మీద తానే రాస్తుంది, బొమ్మ వేస్తుంది, కుడుతుంది. రంగులకు అర్థాలున్నాయి: చనిపోయినవాళ్లకు తెలుపు, ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లకు పసుపు, అత్యాచారానికి గురైనవాళ్లకు ఎరుపు, గులాబి, నారింజ, చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లకు నీలం, ఆకుపచ్చ. క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్ పేరుతో ఇది ఎన్నో దేశాల్లోని విశ్వవిద్యాలయాలకు, సహాయ కేంద్రాలకు పాకింది. ఈ చొక్కా ఎవరి ఒంటి మీదా ఉండదు, దండెం మీద ఉంటుంది. రాసిన మనిషి ఇంటికి వెళ్లిపోవచ్చు, పేరు చెప్పకపోవచ్చు, జనంలో ఒకరిగా వచ్చి తన చొక్కాను తానే చదువుకోవచ్చు. చూసేవాళ్లకు కనబడేది ఒక బాధితురాలు కాదు, వరస. ఒక్క చొక్కా ముందు నిలబడినవాళ్లు అయ్యో పాపం అనుకుని సాగిపోవచ్చు. పక్కపక్కనే వేలాడుతున్న చొక్కాల్లో తండ్రి, భర్త, గురువు, మేనమామ పదే పదే ఎదురైతే, ఇది ఎవరో ఒక ఆడపిల్ల దురదృష్టమని సరిపెట్టుకోవడం కష్టమవుతుంది. మన దేశంలోనూ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. దండెం చూపించేది ఆ నిజాన్నే, బాధితురాలి ముఖాన్ని బజారులో పెట్టకుండా.

నినాదం ఒక్కటీ లేకుండానే బట్ట నినాదమైన సందర్భం ఇటలీలో వచ్చింది. దక్షిణ ఇటలీలో 1992లో డ్రైవింగ్ నేర్పే నలభై అయిదేళ్ల మనిషి తన దగ్గర నేర్చుకుంటున్న 18 ఏళ్ల అమ్మాయిపై అత్యాచారం చేశాడన్న కేసు అది. కింది కోర్టులు దాటి దేశ అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. బిగుతు జీన్స్‌ను వేసుకున్న మనిషి సహకారం లేకుండా విప్పడం దాదాపు అసాధ్యమన్న తర్కంతో ఆ కోర్టు శిక్షను పక్కనపెట్టింది. 1999 ఫిబ్రవరిలో ఈ తీర్పు బయటికి రాగానే పార్లమెంటులోని మహిళా సభ్యులు జీన్స్ వేసుకుని సభకు వచ్చారు. వాళ్లలో ముందున్నది మితవాద పార్టీ సభ్యురాలు అలెసాండ్రా ముస్సోలినీ, అంటే ఈ విషయంలో పార్టీ గీతలు కూడా చెరిగిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్లో లాస్ ఏంజెలిస్‌లో ప్యాట్రీషియా గిగ్గన్స్ నడిపే సంస్థ తొలి డెనిమ్ డే జరిపింది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్లో అది జరుగుతూనే ఉంది. 2008లో అదే ఇటలీ న్యాయస్థానం మరో కేసులో, జీన్స్ వేసుకున్నంత మాత్రాన అత్యాచారం జరగలేదని అనడానికి వీల్లేదని తేల్చింది. జీన్స్ వేసుకుని సభకు వచ్చినందువల్లే కోర్టు మారిందని నేను అనను, అలా అనడానికి ఆధారం కావాలి. కానీ తీర్పులోని ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకుని తొమ్మిదేళ్ల పాటు జనం మరిచిపోకుండా చేసింది ఆ బట్టే. అది బాధితురాలి గురించి ఒక్క మాటా చెప్పలేదు, తీర్పు రాసినవాళ్లనే ప్రశ్నించింది.

2011 జనవరి 24న కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో భద్రత గురించి మాట్లాడటానికి వచ్చిన ఒక టొరంటో పోలీసు, అత్యాచారానికి గురికాకూడదంటే ఆడవాళ్లు వేశ్యల్లా బట్టలు వేసుకోకూడదని నోరు జారాడు. ఏప్రిల్ 3న వేలాది మంది పోలీసు ప్రధాన కార్యాలయం దాకా నడిచారు. ఆ తిట్టునే తమ ఊరేగింపుకు పేరుగా పెట్టుకుని స్లట్‌వాక్ అన్నారు. ఇది పరాయి దేశపు గొడవ అనుకోవద్దు. అదే ఏడాది డిసెంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు అధిపతిగా ఉన్న డీజీపీ దినేశ్ రెడ్డి, ఆడవాళ్లు ఫ్యాషన్ బట్టలు వేసుకోవడం అత్యాచారాలు పెరగడానికి ఒక కారణమని విలేకరుల ముందు అన్నారు. టొరంటోలో ఒక చిన్న ఉద్యోగి అన్న మాటను ఇక్కడ ఎనిమిది కోట్లకు పైగా జనం ఉన్న రాష్ట్రంలో అత్యున్నత పోలీసు అధికారి అన్నారు. స్లట్‌వాక్‌కు మన దేశపు రూపంగా ఢిల్లీలో ఆ జులై 31నే బేషరమీ మోర్చా పేరుతో జంతర్‌మంతర్ దగ్గర ప్రదర్శన జరిగింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది రోజూ వేసుకునే సల్వార్ కమీజుల్లో, జీన్సుల్లోనే వచ్చారు. టొరంటోలోనూ చాలామంది మామూలు చలి బట్టల్లోనే నడిచారు. పత్రికలు మాత్రం తక్కువ బట్టలు వేసుకున్నవాళ్ల కోసం వెతుక్కుని ఆ ఫొటోలే వేశాయి. పోలీసు మాట వెనక్కి పోయి, ఆడవాళ్ల బట్టలే మళ్లీ చర్చకు వచ్చాయి. ఆ సెప్టెంబర్లో అమెరికాలోని నల్లజాతి మహిళలు ఒక బహిరంగ లేఖ రాశారు. బానిసత్వ కాలం నుంచీ తమ శరీరాలకు అంటగట్టిన ఆ తిట్టును సరదాగా మళ్లీ తగిలించుకునే వెసులుబాటు తమకు లేదన్నారు. నా దృష్టిలో ఆ ఉద్యమం మీద వచ్చిన విమర్శలన్నిటిలోకీ బరువైనది ఇదే. ఒకరికి తెగింపుగా ఉన్న మాట మరొకరికి తరతరాల గాయం కావచ్చు. దళిత స్త్రీల అనుభవం తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర ఈ చరిత్ర టీషర్టులతో మొదలు కాలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీపై పోలీసులు అత్యాచారం చేశారు, అడ్డుపడిన భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా కమిషన్ ముందు ఆమెను వ్యభిచారిణిగా నిలబెట్టే ప్రయత్నం జరిగింది. కర్ణాటకకు బదిలీ అయిన కేసులో చివరికి నిందితులు విడుదలయ్యారు. పోలీసు స్టేషన్‌లో అత్యాచారం జరిగిందన్న మథుర కేసులోనూ 1978లోనే సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ ఊరూరా చేరింది, 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరం చేసిన 228ఏ సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్‌గా ఉంది. నినాదపు చొక్కాల మీద మన చర్చలో తరచూ మరుగున పడేది ఈ సంగతే. బాధితురాలు తన పేరు దాచుకోవడం పిరికితనం కాదు, పోరాడి తెచ్చుకున్న హక్కు. ధైర్యముంటే చొక్కా మీద రాసుకుని తిరగమని ఎవరు ఎంత సదుద్దేశంతో అన్నా, అది ఆ హక్కును ఆమె చేతిలోంచి లాక్కోవడమే. బెంగళూరులో 2003లో జస్మీన్ పథేజా మొదలుపెట్టిన బ్లాంక్ నాయిజ్ ఈ చిక్కును చక్కగా దాటింది. వేధింపు జరిగినప్పుడు తాము వేసుకున్న బట్టల్ని తెచ్చివ్వమని స్త్రీలను అడిగింది. స్కూలు యూనిఫారం, కాటన్ సల్వార్, చీర ఒక్కచోట చేరితే, ఏం వేసుకున్నావన్న ప్రశ్నకు ఇక తావుండదు.

దిగ్భ్రాంతి కలిగిస్తే తప్ప లోకం తల తిప్పి చూడదని, మెత్తగా చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోరని ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దీనికి మణిపుర్ కంటే పెద్ద సాక్ష్యం లేదు. 2004 జులై 15న ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ద్వారం ముందు 12 మంది తల్లులు బట్టలు వదిలేసి, భారత సైన్యం తమపై అత్యాచారం చేయాలని సవాలు విసిరే బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. నాలుగు రోజుల ముందు అస్సాం రైఫిల్స్ తీసుకెళ్లిన తంగ్జం మనోరమ శవమై దొరికింది. అంతకంటే రెచ్చగొట్టే మాటను స్వతంత్ర భారతం ఎన్నడూ చూసి ఉండదు. ఆ తర్వాత నెలకే ఇంఫాల్ పట్టణ ప్రాంతం నుంచి సైనిక ప్రత్యేకాధికారాల చట్టాన్ని తొలగించారు. నవంబర్లో కోటను అస్సాం రైఫిల్స్ ఖాళీ చేసింది. కాబట్టి ఘాటు పనికిరాదని నేను అనడం లేదు. ఆ తల్లులు ఆ మాటను ఎవరి గుమ్మం ముందు అన్నారో చూడండి. వాళ్ల వెనక దశాబ్దాలుగా పనిచేస్తున్న మైరా పైబీలనే మహిళల సంఘాలున్నాయి, ముందు ఒక చట్టాన్ని ఎత్తేయాలన్న కోరిక ఉంది. 2018లో ఐర్లండ్‌లోనూ అంతే. కార్క్ కోర్టులో 17 ఏళ్ల అమ్మాయి లోదుస్తులకున్న లేసును ఆమె అంగీకారానికి గుర్తుగా చూడమని నిందితుడి తరఫు న్యాయవాది జ్యూరీకి చెప్పారు. దానికి జవాబుగా ఎంపీ రూత్ కాపింజర్ పార్లమెంటులో అలాంటి లోదుస్తునే పైకెత్తి చూపారు. ఆ చేష్ట కటువైనదే, కానీ దాని గురి కోర్టు గదిలో జరిగే ప్రశ్నల మీద. మనకూ ఆ గురి అవసరమే. 2022లో కోజికోడ్ సెషన్స్ కోర్టు ఒక ముందస్తు బెయిలు ఉత్తర్వులో ఫిర్యాదుదారు రెచ్చగొట్టే దుస్తులు వేసుకుందని రాసింది. కేరళ హైకోర్టు ఆ మాటలను కొట్టేయాల్సి వచ్చింది.

ఇక మార్కెట్ సంగతి. నినాదం అమ్ముడుపోతుందని తెలిశాక దుకాణం ఊరుకోదు. 2016లో డియోర్ స్త్రీవాద నినాదంతో తెచ్చిన చొక్కా ఖరీదు 700 డాలర్ల పైమాటే. 2013లో ఒక కంపెనీ కంప్యూటర్ ప్రోగ్రాం తనంతట తాను మాటలు పేర్చి, అత్యాచారం చేయమనే వాక్యమున్న టీషర్టును అమెజాన్‌లో అమ్మకానికి పెట్టింది. గగ్గోలు పుట్టాక తీసేశారు. నినాదాన్ని అమ్మే సరుకుగా మాత్రమే చూసినచోట మాట ఎటైనా తిరుగుతుంది. కొనడం వల్ల మేలే జరుగుతుందని, వచ్చిన డబ్బు సహాయ కేంద్రాలకు వెళ్తుందని కొందరంటారు. నిజంగా వెళ్లినప్పుడు మంచిదే. అయితే ఆ చొక్కా కుట్టిన చేతుల గురించి కూడా అడగాలి. తమిళనాడులోని దిండిగల్ దగ్గర అంతర్జాతీయ బ్రాండ్లకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతిని 2021 జనవరిలో సూపర్‌వైజరే చంపాడు. ఆమె అంతకుముందు నుంచే వేధింపులు ఎదుర్కొంటోంది. తోటి కార్మికులు, వాళ్ల యూనియన్ పట్టు వదలలేదు. 2022 ఏప్రిల్లో యూనియన్‌కూ, కంపెనీకీ, హెచ్ అండ్ ఎం బ్రాండ్‌కూ మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కుట్టు వరసల్లోనే శిక్షణ పొందిన కార్మిక మహిళలు వేధింపులను గమనించి ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించకూడదు. మాట తప్పితే బ్రాండ్ తన ఆర్డర్ల విషయంలో చర్య తీసుకోవాలి. లైంగిక హింసను ఖండించే చొక్కాను ఎవరైనా అచ్చు వేయించదలిస్తే, ముందు దాన్ని ఎక్కడ కుట్టారో కనుక్కోండి. అక్కడి ఆడవాళ్లకు ఇలాంటి ఒప్పందం ఉందో లేదో అడగండి.