నల్లరాయి కథ

ఉగాది సంచికకు ఏదైనా వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు, రైల్వేలో గుమాస్తాపని చేయు మాకు బొగ్గు సంగతి తప్ప వేరొకటి తోచలేదు.

రైలు బొగ్గుగనికి పుట్టిన బిడ్డ. ఇంగ్లండు గనులలో ఊరు నీరు తోడుటకే 1712లో న్యూకామెన్ ఆవిరియంత్రము వెలసినది. 1825లో స్టాక్టన్, డార్లింగ్టన్ ఊళ్ల నడుమ రైలుదారి వేసినదీ ముఖ్యముగా బొగ్గు మోయుటకే.

మన దక్షిణదేశమున తొలి రైలు 1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు నడిచినది. పిమ్మట ఆ దారి కాట్పాడి, గుడియాత్తము మీదుగా పడమటికి సాగినది. కాని బొగ్గేది? సీమనుండి ఓడలమీద రావలెను. అందుచేత ఇంజనులకు కట్టెలు వేసిరి. అడవులు తరిగిపోవుచున్నవని మద్రాసు అడవుల అధికారి క్లెగ్‌హారన్ దొర ఆనాడే హెచ్చరించెను.

1871లో భూగర్భశాఖకు చెందిన కింగ్ దొర నిజాము రాజ్యములో, ఖమ్మం ప్రాంతపు ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొనెను. అంతకుముందే భద్రాచలము పోవు యాత్రికులు వంటకు పొయ్యి పెట్టగా, పొయ్యిరాళ్లే అంటుకొన్నవని అక్కడివారు కథగా చెప్పుకొందురు. ఇల్లందును జనులు బొగ్గుట్ట అనిరి. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనిహక్కులు పొందినది. 1889లో తవ్వకము మొదలైనది. డోర్నకల్లునుండి గనులకు రైలుదారి పడినది. పొరుగున నున్న సింగరేణి గ్రామము పేరే గనులకు నిలిచినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది.

ఆవిరి ఇంజనులున్న కాలమున దక్షిణాది రైళ్లకు ఆ బొగ్గు పెద్ద ఆధారము. మేము ఉద్యోగములో చేరునాటికి అవి పోయినవి. నేడు మన దారిలో నడుచునవి కరెంటు బండ్లు. ఆ కరెంటులోను బొగ్గు పాలు కలదు.

ఒక్క సంగతి మా మనస్సును కలచుచున్నది. అక్కడి ఒక బొగ్గుపొరకు కింగ్ దొర పేరు పెట్టిరి. మంచిదే. కాని ఆ రాయి మండుట తొలుత చూచినవా రెవరు? ఊరు విడిచి వచ్చి, చీకటిలో దిగి, తట్టల కెత్తినవా రెవరు? వారి పేర్లు మనకు తెలియవు. టన్నులు లెక్కకెక్కినవి, మనుష్యులు ఎక్కలేదు.

మనమును ఊరు విడిచి వచ్చినవారమే. ఈ ఉగాదినాడు పచ్చడి పంచుకొన్న పిమ్మట, ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, ఏ ఊరినుండి, ఏ పనికి, ఏ యేట ఇక్కడికి వచ్చిరో అడిగి ఒక కాగితముపై వ్రాసి ఉంచుదము. మన లెక్క మనమే వ్రాసికొనవలెను.