మెడికేర్‌కు దూరంగా కొందరు వైద్యులు

1965 జులై 30న, మాజీ అధ్యక్షుడు ట్రూమన్ సమక్షంలో లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టంపై సంతకం చేశాడు. అరవై ఐదేళ్ళు నిండినవారికి ప్రభుత్వ వైద్యబీమా దక్కింది. ఆ ప్రతిపాదనతో ఏళ్ళ తరబడి పోరాడిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌ను మెత్తబరచడానికి, తొలినాళ్ళలో వైద్యులు మామూలుగా తీసుకునే రుసుములనే ప్రభుత్వం చాలావరకు ఆమోదించింది.

ఖర్చు పెరిగేకొద్దీ ఆ ఉదారత సన్నగిల్లింది. 1989 నాటి చట్టం ప్రకారం, 1992 నుంచి ప్రతి సేవకూ ప్రభుత్వ పట్టికే వెల కట్టసాగింది. రోగి నుంచి అదనంగా వసూలు చేయగల మొత్తానికీ హద్దు ఏర్పడింది. 1997 చట్టం మరో దారి తెరిచింది. 1998 నుంచి వైద్యుడు రెండేళ్ళపాటు మెడికేర్‌ను పూర్తిగా వదులుకొని, రోగితో నేరుగా లిఖిత ఒప్పందం చేసుకోవచ్చు. అప్పుడు అత్యవసర చికిత్సకు తప్ప మెడికేర్ ఇద్దరికీ ఏమీ చెల్లించదు.

ఇలా వైదొలగినవారు సుమారు నూటికి ఒకరే. వారిలో మానసిక వైద్యుల వాటా పెద్దది. వారి వృత్తికి ఖరీదైన పరికరాలతో పనిలేదు. సొంత డబ్బు చెల్లించే రోగులూ దొరుకుతారు. మెడికేర్‌లో కొనసాగుతూనే కొత్త రోగులను చేర్చుకోకపోవడం ఇంకొక పద్ధతి. దానికి ఏ పత్రమూ దాఖలు చేయనక్కరలేదు. ఐదేళ్ళ శాశ్వత నివాసం పూర్తిచేసిన తల్లిదండ్రులను ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేర్పించే తెలుగు కుటుంబాలకు ముందుగా ఎదురయ్యేది ఈ రెండో నిరాకరణే.